చేపలు గుమ్మంలోకొచ్చి బేరమాడిన వేసవి

ఉద్యోగం నుంచి దిగిపోయినవాడు పాత సంగతులు రాస్తున్నాడంటే, చదివేవాళ్లు సగం తగ్గించుకుని చదువుతారు. నా విషయంలో ముప్పాతిక తగ్గించుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో చారులో పోపు కంటే అతిశయోక్తే ఎక్కువ పడుతుంది. అయితే మొత్తం సర్వీసులో ఒకే ఒక్కసారి నేను ఉన్నదున్నట్టు రాయాల్సి వచ్చింది. స్తంభాలెక్కి తీగలు లాగాను, వరదలో నడుం లోతు నీళ్లలో కేబుళ్లు మోశాను. వాటిల్లో ఏదీ అంత కష్టం కాలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న కుర్రాళ్లు ఆ సంగతి తెలుసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తుంటే, గాలి పెదవికి ఉప్పగా తగలడం మొదలయ్యే చోట మా టెలిఫోను ఎక్స్ఛేంజి ఉండేది. ఊళ్లోని ఫోను తీగలన్నీ వచ్చి చేరే గదిని ఎక్స్ఛేంజి అంటారు. ఒకప్పుడు ఆ గదిలో నేను తుమ్మితే మండలమంతా ఫోన్లు మోగేవి. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. జనం మా ఫోన్లను, పెళ్లి చెడిన సంబంధం వాళ్ల చీరల్లాగా, ఒక్కొక్కరే తెచ్చి అప్పగించేశారు. చివరికి పోలీసు స్టేషను, పంచాయతీ ఆఫీసు, ఒక తెలుగు మాస్టారు మిగిలారు. మాస్టారు కూడా మాట్లాడటానికి కాదు, పక్కింటి వాళ్లకు లేదు కదా అని ఉంచుకున్నారు.

ఆ ఎక్స్ఛేంజిలో నేనూ, నాకంటే పెద్దవారైన ఒక టెక్నీషియన్ గారూ ఉండేవాళ్లం. యంత్రాలు వేడెక్కకూడదని శాఖ ఎప్పుడో ఏసీ పెట్టింది. యంత్రాలు తగ్గాయిగాని ఏసీ తగ్గలేదు. బయట రోడ్డు మీద తారు పాకంలా సాగుతుంటే, లోపల ఆయన మంకీ టోపీ పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని, హిమాలయాల్లో తపస్సు చేస్తున్నట్టు కూర్చునేవారు.

"తమరిలా ఖాళీగా కూర్చుంటే గోడలకు చెమ్మ పడుతోందండి. ఏదో ఒక పని చూసుకోండి," అన్నారు ఒక రోజు.

చూసుకున్నాను. పని లేదుగాని నెట్టు బోలెడుంది. ఒక బ్లాగు మొదలుపెట్టాను. కాలువ చివర్న ఉండే ఊళ్లను మా వైపు శివారు అంటారు కాబట్టి దానికి 'శివారు కబుర్లు' అని పేరు పెట్టాను.

"బ్లాగంటే ఏంటండి?" అని అడిగారు టెక్నీషియన్ గారు.

"గోడ మీద రాత లాంటిదండి. కాకపోతే ఈ గోడ దగ్గర కుక్కలు కాలెత్తవు."

"అయితే మనుషులెత్తుతారు లెండి," అన్నారు. కామెంట్లు మొదలయ్యాక ఆయన ముందుచూపుకి దండం పెట్టాను.

ఏం రాసేవాణ్ణి? నరసాపురం బస్సు వస్తుందా రాదా, ఎవరి గేదె ఎవరి చేలో పడింది, ఎవరి దగ్గర వరి నారు మిగిలింది, ఫలానా పెళ్లిలో పనసపొట్టు కూర ఎలా తగలబడింది. ప్రతి ముక్కనీ చపాతీలా సాగదీసి రాసేవాణ్ణి. గేదె పడితే ఏనుగుల దండు పడిందనేవాణ్ణి. జనం ఫోన్ గ్రూపుల్లో ఒకరికొకరు పంపుకుంటూ, కాలువ వెంబడి పైకి పాకించేశారు. శివారు వాళ్ల కోసం పెట్టిన బ్లాగుని పై ఊళ్ల వాళ్లే ఎక్కువ చదివేవాళ్లు.

ఇది చిన్న విషయం కాదు. పై ఊళ్లకూ శివారుకూ పుట్టుకతో పడదు. నీళ్లు ముందు వాళ్ల ఊళ్లోకి వస్తాయి, వాళ్లు వదిలినవి మాకొస్తాయి. తాతల నాటి నుంచి మేం వాళ్లను దొంగలంటాం, వాళ్లు మమ్మల్ని ఏడుపుగొట్టు వాళ్లంటారు. అలాంటిది పై ఊరి ఆయన కొబ్బరి మొక్కలకు తెగులు వచ్చిందని కామెంటు పెడితే మా ఊరి ఆయన మందు చెప్పాడు. మా ఊరి పిల్లకి రక్తం కావాలంటే పై ఊరి కుర్రాడు మోటారు సైకిలెక్కి వచ్చాడు. ఆ తర్వాత కూడా తిట్టుకున్నారు గాని, బాగోగులు అడిగి మరీ తిట్టుకున్నారు.

నా పాఠకుల్లో అందరికంటే గట్టిది చదువురాని ఒక చేపలావిడ. ఊరి చివర, సముద్రానికి దగ్గరగా, బెస్తవాళ్లుండే పల్లెపేట ఆవిడది. తెల్లారగానే చేపల గంగాళాలు ఆటోలో వేసుకుని కాలువ గట్టెంబడి పై ఊళ్లకు వెళ్లి అమ్ముకుని, మధ్యాహ్నం తిరిగొస్తూ మా ఎక్స్ఛేంజి ముందు ఆటో ఆపించి లోపలికొచ్చేది. ఏసీ గాలికి పమిట విసురుకుంటూ, "చదువు ఫోనుబాబూ, ఇయ్యాల ఏం అబద్ధాలు రాశావో," అనేది. ఆవిడ ఎవర్నీ 'అండి' అనదు. మా జిల్లాల్లో కుక్కని అదిలించేటప్పుడు కూడా అండి అంటాం. ఆవిడ మాత్రం కరణాన్నయినా కలెక్టరునయినా 'ఏవయ్యా' అనే పిలుస్తుంది. బేరమాడే వాళ్లతో, "కొనేటట్టుంటే కొను, లేపోతే వాసన చూసి ఎల్లు," అంటుంది. పై ఊళ్ల ఆసాములు ఆ తిట్ల కోసమే అదనంగా అరకిలో కొనేవారని నా నమ్మకం.

ఇక ఆ వేసవి సంగతి.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీరు డెల్టా అంతా తిరిగి, అలిసి, సన్నబడి మా దగ్గరికొచ్చి ఆగుతుంది. మాకు నేల కింద నీళ్లు పనికిరావు. బోరు వేస్తే సముద్రమే పైకొస్తుంది. అందుకని కాలువ నీళ్లతో మంచినీళ్ల చెరువు నింపుకుంటాం. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోపు చెరువు నిండితే వేసవి గడిచినట్టు. నిండకపోతే డబ్బున్న వాళ్లు టిన్ను నీళ్లు కొనుక్కుంటారు. పల్లెపేట వాళ్లు కొనుక్కోలేరు. పిల్లల నోళ్లకు ఉప్పునీళ్లే గతి. అంతకుముందు ఒక వేసవిలో అలాగే అయింది. ఆ పేటలో వాంతులూ విరేచనాలూ మొదలై, ఆసుపత్రి వరండా నిండిపోయింది.

కాలువ కట్టేసే రోజు దగ్గర పడుతుండగా నేను బ్లాగులో ఒక ప్రశ్న వేశాను: 'మన మంచినీళ్ల చెరువు ఎంత నిండింది? ఎవరి రేవు దగ్గర ఎంతుందో వాళ్లు రాయండి.'

చెరువులో కొంగ కాలు తడవడానికి కూడా నీళ్లు లేవు. పై ఊళ్లలో, కాలువ కట్టేస్తారనగానే ప్రతివాడూ తోటలకీ చేపల చెరువులకీ కూరపాదులకీ ఇంజన్లు పెట్టి తోడేసుకుంటున్నాడు. ఇది ఊరందరికీ తెలుసు. అందరికీ తెలిసిన కష్టాన్ని మళ్లీ ఎవరైనా అడిగితే గోదావరి మనిషి ఏం చేస్తాడు? వెటకారం చేస్తాడు. సాయంత్రానికి కామెంట్లు వరదలా వచ్చిపడ్డాయి.

'మా వీధిలోకి పడవ దిగిందండి. రేవు వేలంపాట ఎప్పుడో పంచాయతీ వారు తెలియజేయగలరు.'

'ఈత రాని అల్లుళ్లు ఈ వారం అత్తారింటికి రావద్దని మనవి.'

'ఆయ్, మా అటక మీద పీతలు కాపురం పెట్టాయండి.'

మా చేపలావిడ ఇవన్నీ చదివించుకుని, గంగాళం మీద చెయ్యేసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "నాదీ ఒకటి రాయి బాబూ. పల్లెపేటలో చేపలు గుమ్మంలోకొచ్చి మమ్మల్నే బేరమాడతన్నాయని రాయి."

రాశాను. ఆ కామెంటుకి వచ్చినన్ని మెచ్చుకోళ్లు నా బ్లాగు పుట్టాక నాకెప్పుడూ రాలేదు.

రెండు రోజుల తర్వాత ఎక్స్ఛేంజి ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. నీటిపారుదల శాఖలో మా శివారు కాలువను చూసే ఇంజనీరు దిగాడు. కుర్రాడు, రాయలసీమ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. చేతిలో స్వీటు పెట్టె.

"సార్, మీ బ్లాగు దినమూ చదువుతాండాను," అన్నాడు. నేను గుమ్మడికాయంత అయిపోయాను. "చెరువు నిండినందుకు అభినందనలు. మీ చెరువు కోసమని కాలువ ఇంకొన్ని దినాలు కట్టొద్దని పైకి రాసింటి. ఇంక అక్కరలేదని నిన్ననే చెప్పేసినా."

టెక్నీషియన్ గారు మంకీ టోపీ తీసేశారు. ఆయన తల నేను చూడటం అదే మొదటిసారి.

"ఎక్కడ నిండిందండి?" అన్నాను.

"మీ దాంట్లోనే ఉంది కద సార్." ఫోన్ తీసి, కోర్టులో సాక్ష్యం చదువుతున్నంత గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. పడవ, అల్లుళ్లు, పీతలు, అన్నీ. "ఈ పల్లెపేట వాళ్లది చూసినాక నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది సార్. గుమ్మంలోకి చేపలొచ్చినాయంట. చిట్టచివరి పేటకే నీళ్లొచ్చినాయంటే మధ్యలో వాళ్లకు వచ్చినట్టే కదా."

తర్కంలో ఎక్కడా తప్పు లేదు. అదే నన్ను చంపింది.

"అది వెటకారమండి," అన్నాను.

"అంటే?"

"నిండలేదని చెప్పడమండి."

"నిండలేదని చెప్పేదానికి నిండిందని ఎందుకు రాస్తారు సార్?"

నేను చెప్పులేసుకున్నాను. ఆయన్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. టెక్నీషియన్ గారూ వచ్చారు. అమ్మకం ముగించుకుని వస్తున్న చేపలావిడ మమ్మల్ని చూసి ఆటో దిగి వెంటపడింది.

చెరువు అడుగున బీటలు వారిన మట్టి. మధ్యలో అన్నం గిన్నెలో మిగిలిన గంజంత నీరు. ఇంజనీరు గట్టు దిగి, ఒక మట్టి పెళ్ల తీసి చేతిలో నలిపి చూశాడు. ఆయనేం తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మా తట్టు," అన్నాడు చివరికి, "నీళ్ల మీద ఎవరూ పరాచికాలాడరు సార్. నాకు తెలీలేదు."

సంగతేమిటో టెక్నీషియన్ గారు చేపలావిడకి చెప్పారు. ఆవిడ గట్టు మీద చతికిలబడింది. "నా ముక్క పట్టుకునా?" అంది. ఆవిడ నోరు అంతసేపు మూసుకుని ఉండటం చూసి చెరువు గట్టున మేస్తున్న మేకలు కూడా తలెత్తి చూశాయి.

"ఎల్లుండి పొద్దున ధవళేశ్వరంలో తలుపులు దించేస్తారు," అన్నాడు ఇంజనీరు. "మళ్లీ అడుగుతా గాని ఒప్పుకుంటారని నమ్మకం లేదు. కాలువలో ఇప్పుడున్న నీళ్లే ఆధారం. పైన అందరూ తూములు మూసి, ఇంజన్లు ఆపితే ఆ నీళ్లు మీ దాకా వస్తాయి. అన్ని తూముల కాడ నిలబెట్టేదానికి నా దగ్గర మనుషులు లేరు. మీ దగ్గర ఉండారా?"

"ఉన్నారండి," అన్నాను. "రోజూ నన్ను తిడుతూ కామెంట్లు పెడతారే, వాళ్లే."

చేపలావిడ చీర దులుపుకుని లేచింది. "నవ్విన నోటితోనే అడుగుదాం. పద బాబూ."

ఎక్స్ఛేంజికొచ్చి రాయడానికి కూర్చున్నాను. ప్రతి వాక్యం చివరా ఒక పిలక మొలుస్తోంది, నేను కత్తిరిస్తున్నాను. 'మా చెరువు ఎడారై ఒంటెలు తిరుగుతున్నాయి' అని వచ్చేసింది, కొట్టేశాను. చివరికి మిగిలింది ఇంతే: 'మా మంచినీళ్ల చెరువు ఖాళీగా ఉంది. ఎల్లుండి కాలువ కట్టేస్తున్నారు. పల్లెపేట వాళ్లకు తాగడానికి వేరే నీళ్లు లేవు. దయచేసి అప్పటిదాకా మీ తూములు మూసి, ఇంజన్లు ఆపండి.'

టెక్నీషియన్ గారు చదివారు. "ఇందులో చమత్కారం ఎక్కడుందండి?"

"లేదండి."

"ఎవరైనా పోయారనుకుంటారేమో," అంటూ భయం భయంగా చూశారు.

అలా అనుకున్నా బాగుండేది. జవాబులు రావడం మొదలైంది.

'ఈసారి వెటకారం బాగా ముదిరిందండి. ఎంత వెతికినా దొరకట్లేదు.'

'సీరియస్‌గా రాసినట్టు భలే నటించారు గురువుగారూ.'

'మా ఆవిడ చదివి, నవ్వలేక మంచినీళ్లు తాగింది.'

నేను తల పట్టుకున్నాను. ఇన్నేళ్లూ గేదెను ఏనుగంటే నమ్మినవాళ్లు, ఇప్పుడు గేదెను గేదె అంటే నవ్వుతున్నారు.

"ఏవంటన్నారు?" అంది చేపలావిడ.

"నవ్వుతున్నారమ్మా."

"అయితే నన్ను మాట్టాడనీ."

మళ్లీ చెరువు దగ్గరికి నడిచాం. ఆవిడ దిగి సరిగ్గా నడిమధ్య నిలబడింది. నేను ఫోనులో వీడియో మొదలుపెట్టాను. "ఏరా పైఊరోళ్లారా, మీ కొబ్బరిచెట్లు కూల..." అని అందుకుంది. టెక్నీషియన్ గారు గట్టు మీంచి చెయ్యెత్తారు.

"ఇలా తిడితే రోజూలాగే అమ్మకానికొచ్చిందనుకుంటారమ్మా."

ఆవిడ ఆగింది. ఆలోచించింది. పమిట భుజం చుట్టూ కప్పుకుంది. తర్వాత మాట్లాడిన గొంతు నేనెప్పుడూ వినలేదు.

"అయ్యా, అమ్మగారూ, నేనండి. మీకు చేపలమ్మేదాన్నండి. మొన్న చేపలు గుమ్మంలోకొచ్చాయన్నది నేనేనండి. నీళ్లు లేవండి. ఈపాటికి ఇక్కడ నా తల మునగాలండి. మా పేట పిల్లలు ఉప్పునీళ్లు తాగితే ఏవవుద్దో మేం చూశామండి. మీ తోటలు ఎండబెట్టుకోమననండి. ఎల్లుండి దాకా ఆగండి. దండవండి."

అంతే. ఆ వీడియో బ్లాగులో పెట్టాం. మొదటి కామెంటు పై ఊరి కొబ్బరితోట ఆసామిది. ఏళ్ల తరబడి ఆవిడతో రోజూ బేరమాడి, రోజూ ఓడిపోయే మనిషి.

'ఆవిడ నన్ను అండి అంది. చాలా ఘోరమే జరిగి ఉంటుంది. మా ఇంజను ఆపేశాను.'

దాని కింద ఇంకొకరు: 'మా నాన్నగారు పోయినప్పుడు పలకరించడానికొచ్చి కూడా ఆవిడ అండి అనలేదు. మా తూము మూశాం.'

ఇక ఆగలేదు. మూసిన తూముల ఫోటోలు, బెల్టు తీసేసిన ఇంజన్ల ఫోటోలు. ఒకాయన తన తూముకు తలుపు విరిగిపోయిందనీ, ఇంట్లో బొంత తెచ్చి కుక్కాననీ, ఈ సంగతి వాళ్లావిడకి తెలియదనీ రాశాడు. కిందనే 'తెలిసింది' అని వాళ్లావిడ జవాబు. ఇంకో ఊళ్లో తూము మూయనివాడి గట్టు మీద ఊరివాళ్లంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నారట. ఏమీ అనలేదట, ఊరికే కూర్చున్నారట.

మర్నాడు పొద్దున్నుంచీ టెక్నీషియన్ గారు నా కుర్చీ లాక్కున్నారు. నిన్నటిదాకా జన్మలో బ్లాగు చదవని మనిషి ఆ కామెంట్లను మా పాత లైను టెస్టులా పట్టుకున్నారు. తీగ ఎక్కడ తెగిందో తెలియాలంటే మేం ఒక కొస నుంచి వరసగా పిలుచుకుంటూ వస్తాం. ఎక్కడ పలకడం మానేస్తే తెగింది అక్కడే. పై ఊరి నుంచి ఒక్కొక్క ఊరికీ, 'నీళ్లు పెరిగాయా?' అని రాయడం, వాళ్లు 'పెరిగాయండి' అనడం. అలా మా ఊరికి ఒక్క మలుపు పైదాకా అన్నీ పలికాయి. మా దగ్గర మాత్రం కాలువ అడుగున బురద మెరుస్తోంది.

"ఇక్కడ తెగిందండి," అన్నారు ఆయన.

అక్కడ ఉన్నది ఒక పెద్ద చేపల చెరువుల ఆసామి. పై ఊళ్లన్నీ వదిలిన నీళ్లు ఆయన మోటార్లలోకి పోతున్నాయి. కామెంట్లు పెట్టేవాళ్లకి నాలుక దురద మొదలైంది. నేను అందరినీ బతిమాలుకున్నాను: ఆయన గురించి ఒక్క అక్షరం రాయొద్దు, మంచీ వద్దు, చెడ్డా వద్దు. మా జనానికి అది ఏకాదశి ఉపవాసం కన్నా కష్టం. అయినా ఉన్నారు.

నేనూ, టెక్నీషియన్ గారూ, చేపలావిడా వెళ్లాం. మా వైపు ఆసాములు కోపం వస్తే మర్యాద పెంచుతారు. "రండి రండి, ఏంటండి ఇంత ఎండలో," అంటూ కుర్చీలు వేయించి, కొబ్బరి బోండాలు కొట్టించాడు. అప్పుడే అనుకున్నాను, పని కష్టమని.

"నాకు తెలుసండి మీరెందుకొచ్చారో," అన్నాడు. "కాలువ కట్టేశాక నాకూ చుక్క రాదు. నీళ్లు తగ్గితే చేపలు చస్తాయండి. నా పెట్టుబడంతా ఆ నీళ్లలోనే ఉంది."

అది అబద్ధం కాదు. చేపలావిడ బోండాం కింద పెట్టింది. అండి లేదు, దండం లేదు. మామూలు గొంతు.

"చేప సంగతి నాకు చెప్పకయ్యా. మేత తగ్గించు, నీళ్లకి గాలి పట్టించే చక్రాలు తిప్పు, చావవు. ఒకటో అరో చచ్చినా ఎండేసి నేను అమ్మిపెడతాను. మా పేటలో పిల్లోడు చస్తే నువ్వు అమ్మిపెడతావా?"

ఆసామి ఆవిడవైపు చూడలేక నావైపు తిరిగాడు.

"అందులో... మీ దాంట్లో... నా గురించి ఏమంటున్నారండి?"

"ఏమీ అనడం లేదండి," అన్నాను. అది నిజం.

"ఏమీనా?"

"పైనుంచి అందరి ఊసూ వస్తోందండి. మీ దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఏమీ రాయడం లేదు."

ఆయన ముఖం మాడిపోయింది. తిడితే తిట్టొచ్చు, వెటకారం చేస్తే ఎదురు వెటకారం చేయొచ్చు. మా వైపు ఒక మనిషిని వెటకారం చేయడం కూడా మానేశారంటే, ఆయన్ని జనంలోంచి తీసేశారని అర్థం. ఆయనా ఇక్కడ పుట్టినవాడే.

"ఒరేయ్," అని కేకేశాడు లోపలికి, "మోటార్లు కట్టేయండ్రా!" తర్వాత కండువాతో ముఖం తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు: "ఎలాగూ కట్టేస్తున్నాం కాబట్టి... ఫోటో ఒకటి తీసుకోండి. ఇటు వైపు నుంచి తీయండి, వెలుతురు బాగుంటుంది."

ఆ సాయంత్రం మా కాలువలోకి నీరు వచ్చింది. ముందు గుర్రపుడెక్క కదిలింది, తర్వాత నురుగు, తర్వాత ఎర్రగా బురదనీరు, తర్వాత అసలు నీరు. గోదావరి పొంగి వచ్చిందని రాయాలని నా వేళ్లు గుంజాయిగాని, నిజానికి మోకాలి లోతు కంటే ఎక్కువ లేదు. ఇంజనీరు చెరువు తూము తలుపు తనే తిప్పి ఎత్తాడు. పైవాళ్లు గడువు పొడిగించలేదని అప్పుడే చెప్పాడు. మర్నాడు పొద్దున ధవళేశ్వరంలో తలుపులు దించేశారు. అయినా దారిలో ఉన్న నీరు దారిలోనే ఉంది, పైన ఎవరూ తోడలేదు, అది మా దాకా నడిచొచ్చింది. ఆ రోజు పొద్దు వాలేదాకా వచ్చి, సన్నబడి, ఆగిపోయింది.

గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. పై ఊళ్ల వాళ్లు కూడా మోటారు సైకిళ్ల మీద వచ్చారు. కొబ్బరితోట ఆసామి వచ్చాడు, బొంత కుక్కినాయన భార్యతో సహా వచ్చాడు. చెరువు నిండలేదు. కాలువలు మళ్లీ వదిలేదాకా జాగ్రత్తగా వాడుకుంటే సరిపోతుందన్నాడు ఇంజనీరు. పల్లెపేట రేవు వైపు పంచాయతీ కుళాయి ముందు బిందెలు బారు తీరాయి.

"పైకి రాయాలి సార్," అన్నాడు ఇంజనీరు, ఫోను చేతిలో పట్టుకుని. "ఎంత నిండిందని రాయమంటారు?"

ఆయన అందరినీ చూస్తూ అడిగాడు. ఒక్కొక్కరి పెదవి మీదికీ ఏదో వచ్చి ఆగడం నాకు కనిపిస్తోంది. టెక్నీషియన్ గారు దగ్గొచ్చినట్టు పక్కకు తిరిగారు. నేను నాలుక కరుచుకున్నాను.

చేపలావిడ రేవు మెట్లు దిగింది. చీర తడుస్తున్నా ఆగకుండా చెరువు నడిమధ్య దాకా నడిచి, అక్కడ నిలబడి, నీటి అంచు తన ఒంటి మీద ఎక్కడుందో చూసుకుని, ఛాతీ మీద అడ్డంగా చెయ్యి పెట్టింది.

"ఇక్కడిదాకా," అంది గట్టు మీదికి వినబడేలా. "ఇక్కడిదాకా అని రాయి బాబూ. అంతకి ఒక్క వేలు కూడా ఎక్కువ రాయకు."

ఇంజనీరు అలాగే రాసుకున్నాడు. గట్టు మీద అంతమంది గోదావరి వాళ్లం నిలబడి ఉన్నాం. ఒక్కరం నోరు విప్పలేదు.